తేనెకు దిష్టి

రెండువేల తొలినాళ్ళలో హోసూరులో, తేనె పరీక్షించే ల్యాబులో నాది ముక్కు ఉద్యోగం. తేనెలోని వాసనలను యంత్రం విడదీసి ఒక్కొక్కటే గొట్టంలోంచి వదిలేది. అటు కాగితం మీద గీత లేచేది, ఇటు నేను గొట్టానికి ముక్కు ఆనించి అది దేని వాసనో చెప్పాలి. అందుకోసం పౌడరు, విభూతి, తాంబూలం మానేశాను. ఇంట్లో ఇంగువ తిరగమాత కూడా మాన్పించేసరికి మా ఆవిడకు ఒళ్ళు మండింది.

"ముక్కుకి జీతమిస్తారు సరే, మా నోరేం పాపం చేసింది?"

ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నా దిగులంతా అదే.

అంతలో సూళగిరి నుంచి వచ్చిన కానుగపూల తేనెలో కర్పూరం తగిలింది. గీత కూడా లేచింది.

"యాడిదో కనుక్కోని రాప్పా. నీ ఆర్డరు సంగతి ఆమీద చూద్దాం" అన్నాడు మేనేజరు.

చేతిసంచి తగిలించుకుని పోయాను. అక్కడ తేనెపెట్టెలు పెట్టుకుని మాకు తేనె పంపే అవ్వ, క్యాను మూత తీసి, కర్పూరం వెలిగించి, తేనెకు దిష్టి తీస్తోంది!

"ఏమవ్వా ఇది?"

"నా ఈగలు కష్టపడి చేసినాయప్పా. దిష్టి తీయకుండా గడప దాటిస్తానా?"

"మూత పెట్టి తీయకూడదా?"

"అప్పుడు మూత దిష్టి పోతాది. తేనె దిష్టి యాడ పోతాది?"

నా ఉద్యోగం సంగతి చెప్పి, దాదాపు ఏడ్చినంత పనిచేశాక మూత పెట్టి తీయడానికి ఒప్పుకుంది. "నీకే తగిలుండాది పో" అని నా చుట్టూ కూడా తిప్పి పంపింది.

మర్నాడు ఆమె కొత్త తేనె చూశాను. కర్పూరం. మామిడిపూల తేనె, కర్పూరం. నీలగిరిపూల తేనె, కర్పూరం. ఏ తేనే పెట్టని ఉత్త గొట్టం కూడా కర్పూరమే! గీత మాత్రం లేవదు. మేనేజరు నా పక్కన ఇరుక్కుని ముక్కు పెట్టి, "అవునప్పా, కర్పూరమే" అన్నాడు. రెండు ముక్కులు ఒకమాట మీదుంటే తప్పు యంత్రానిదే కదా. బెంగుళూరు నుంచి మెకానిక్కుని పిలిపించాం.

అతను యంత్రమంతా విప్పి, తల గోక్కుని, చివరికి నా కుర్చీకి వేలాడుతున్న చేతిసంచిని వాసన చూశాడు. పక్క అరలో పసుపుగుడ్డ మూట, అందులో కర్పూరం బిళ్ళలు. నాకు తెలియకుండా అవ్వ వేసిన రక్ష. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

మెకానిక్కుని మేనేజరే గేటు దాకా సాగనంపి వచ్చాడు. తర్వాత తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

"నా ప్రమోషను గూడా కదల్లేదప్పా. ఆ యమ్మ ఎప్పుడుంటాది ఇంట్లో?"

ఆ నెలలోనే నా ఆర్డరు వచ్చింది. కవరు చించగానే గుప్పున కర్పూరం! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మా ఆవిడ ఒకసారి వాసన చూసి, సరాసరి లోపలికి పోయి ఇంగువ డబ్బా మూత తీసింది.