అది చేనుకండి

మా వైపు పురుగుమందు అని పూర్తిగా పలికేవాళ్ళు తక్కువ. మందు అంటారు, అంతే. చేనుకు మందు కొట్టాలి, మందు కలపాలి, మందు అయిపోయింది. దాన్ని అమ్మే షాపాయన్ని కొందరు డాక్టరు గారూ అని కూడా పిలుస్తారు. ముడుచుకుపోయిన మిరపాకు తీసుకెళ్ళి చూపిస్తే, ఆయన దాన్ని వెలుతురుకు పట్టి రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, మూడు రకాల డబ్బాలు చేతిలో పెడతాడు. ఏ డబ్బా ఎందుకని అడిగినవాణ్ణి నేను చూడలేదు. కలిపి కొట్టెయ్యమంటాడు, కలిపి కొట్టేస్తారు.

నాకు పాప పుట్టిన ఏడు పొదిలి దగ్గర మా మిరప చేను నిండా నల్ల తామర పురుగు. పుట్టింటి నుంచి మూడో నెలలో వచ్చాను. మా అత్తగారు బాలింత పథ్యంలో మహా పండితురాలు. వంకాయ తింటే బిడ్డకు దురదలు, గోంగూర తింటే విరేచనాలు, చల్లనీళ్ళు తాగితే జలుబు. నేను ఒకపూట మజ్జిగ తాగానని రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. చెవుల్లో దూది తియ్యనిచ్చేది కాదు. ఆ దూదితోనే నన్ను చేలోకి పంపింది. మా ఆయన పంపు వీపున తగిలించుకుని సాళ్ళలో తిరుగుతుంటే, గట్టు మీద డ్రమ్ములో నీళ్ళు పోసి మందు కలపడం నా పని. కర్ర దొరక్కపోతే చేత్తోనే కలిపేదాన్ని. పాపకు ఆకలైతే చేతులు కడుక్కుని, మందు చింది తడిసిన కొంగు పక్కకు లాగి పాలిచ్చేదాన్ని. వంకాయ మాత్రం ముట్టలేదు. పాలను అంత భద్రంగా కాపాడుకున్నాం మేము.

నాలుగో నెలలో పాపకు కడుపుబ్బరం, నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. అత్తగారు దిష్టి తీసింది. నేను దొంగచాటుగా గోంగూర తిన్నానేమోనని వంటింట్లో గిన్నెలు వెతికింది. అవేవీ పనిచెయ్యక ఒంగోలులో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

"తల్లి మందులేమైనా వాడుతోందా?" అని అడిగింది డాక్టరమ్మ.

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "అబ్బే, లేదండి. బిడ్డకు పాలిస్తా ఉంది గదండి, తలనొప్పొస్తే బిళ్ళ కూడా వెయ్యనియ్యలేదు."

డాక్టరమ్మ లేదు అని రాసుకుంది. పాప కడుపు చూడ్డానికి నా ఒళ్ళోకి వంగి, ఆగిపోయింది. "ఈ వాసనేంటమ్మా?"

"పొద్దున మందు కొట్టొచ్చామండి," అంది అత్తగారు.

"ఇప్పుడేగా మందులు లేవన్నారు?"

"అది చేనుకండి," అంది అత్తగారు, ఇంత చదువుకుని ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

డాక్టరమ్మ నవ్వలేదు. చేనుకు కొట్టే మందులు చర్మంలోంచీ ఊపిరిలోంచీ మనిషి ఒంట్లోకి పోతాయనీ, వాటిలో కొన్ని కొవ్వులో చేరి పాలల్లోకి దిగుతాయనీ చెప్పింది. పసిపిల్లల పేగుల్లో కంటికి కనబడని మంచి క్రిములుంటాయట. తల్లిపాలే వాటిని పెంచుతాయట. మందు వాటిని దెబ్బ తియ్యొచ్చనీ, పాప విరేచనాలకు అదే కారణమని మాత్రం తను ఖాయంగా చెప్పలేననీ అంది. "పాలు మానొద్దు. మందు దగ్గరికి వెళ్ళడం మాను," అని నా వైపు చూసి చెప్పింది.

మా ఆయన గోడకానుకుని ఇదంతా విన్నాడు. "క్రిముల్లో మంచియ్యేంటండి?" అన్నాడు. చేలో మిత్ర పురుగులుంటాయి, వాటిని చంపుకోకండని వ్యవసాయాఫీసరు ఏటా వచ్చి చెబుతాడు. మా ఆయన ముందు వరసలో కూర్చుని తలూపి, మర్నాడే శత్రువుకీ మిత్రుడికీ కలిపి కొట్టేస్తాడు. అలాంటి మనిషికి కూతురి కడుపులో కూడా మిత్రులుంటారంటే ఎలా ఎక్కుతుంది?

తిరుగు బస్సులో అత్తగారు తేల్చేసింది. "పాలు చెడిపోయినయ్యంటగా. మానిపించి డబ్బా పాలు పట్టండి." విన్నదాన్ని సరిగ్గా తిరగేసి అర్థం చేసుకోవడంలో ఆమెకు ఆమే సాటి. ఆ డబ్బా పొడి కలిపే నీళ్ళు మా చేలో బోరువే. నాకు ఒళ్ళు మండిపోయింది. పాలు మాననని, చేలోకి రానని బస్సులో అందరూ వింటుండగానే చెప్పాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నేను నెగ్గించుకున్న మాట అదొక్కటే.

"మరి మందెవరు కలుపుతారు?" అన్నాడు మా ఆయన.

ఆ వారంలోనే ఒకామెను కూలికి పిలిచారు. నేను ఇంటి పట్టున ఉండి పాప కడుపు చూసుకున్నాను. నెల తిరిగేసరికి విరేచనాలు కట్టాయి. నేను చేలోకి పోవడం మానినందుకో, డాక్టరమ్మ రాసిన చుక్కలకో నాకు తెలియదు. పాప నవ్వడం మొదలుపెట్టింది, నాకది చాలు.

ఒక మధ్యాహ్నం ఆ కూలికొచ్చే ఆమె మంచినీళ్ళ కోసం మా వాకిట్లోకి వచ్చింది. మోచేతుల దాకా మందు మరకలు. జాకెట్టు ముందంతా పాలతో తడిసి ఉంది.

"చంటిబిడ్డ ఉందా?" అన్నాను.

"ఐదో నెలండి. మా అమ్మ దగ్గర వదిలొచ్చా. ఈ యాళకి పాలు చేపుకొస్తన్నయ్యి," అంది సిగ్గుపడుతూ.

డాక్టరమ్మ చెప్పిందంతా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చెంబుతో నీళ్ళిచ్చాను. ఎండగా ఉంది, కాసేపు నీడన కూర్చోమన్నాను. మందు కలపొద్దని మాత్రం చెప్పలేదు. చెబితే ఆమె మానేస్తుంది. ఆమె మానేస్తే మళ్ళీ నేనే వెళ్ళాలి.