ఒకటి ఇడువు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. వాటికి కూడా నా మీద పెద్దగా నమ్మకం ఉన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. నాందేడ్‌లో బీఎస్సీ ఫిజిక్స్ చదివి, సెకండ్ క్లాసులో ప్యాసయ్యాను. సైన్సుతో నాది గౌరవమే గానీ చనువు కాదు. అయినా ఉన్నంతలో దాన్నే నమ్ముకున్నాను.

ఇప్పుడు రాయబోయేది నిద్రమత్తులో చూసింది కాదు. మే నెలాఖరు, పగలు పన్నెండు గంటలు, నెత్తిన ఎండ. భయపడటానికి కూడా ఓపిక లేని సమయం.

భోకర్‌లో మా మామయ్యకు రేకుల షెడ్డు ఉంది. మిషన్, కొలతలు, డెలివరీ నేను చూసుకుంటాను. మా వైపు రేకును మరాఠీలో లాగే పత్రా అంటారు. అందుకని చుట్టుపక్కల ఊళ్లలో నా పేరు పత్రాల సారు. అమ్మానాన్న పెట్టిన పేరు ఆధార్ కార్డు మీద క్షేమంగా ఉంది.

మాకు సరుకు కాయిల్‌గా వస్తుంది. జింకు పూత వేసిన ఉక్కు రేకును చాప చుట్టినట్టు చుట్టి పంపుతారు. చాపతో పోలిక అక్కడితో సరి, దీన్ని దింపడానికి క్రేను కావాలి. మిషన్‌కు ఎక్కిస్తే ఒక వైపు నుంచి సాదాగా వెళ్లి, రెండో వైపు నుంచి అలలు తిరిగి వస్తుంది. చెప్పిన పొడవు దగ్గర కోస్తాం. కోసిన రేకు మళ్లీ అతుక్కోదు. అందుకే ఈ పనిలో అన్నిటికన్నా పెద్దది కొలత.

కొలతకు ఇద్దరు మనుషులు కావాలి. పదకొండేళ్లు నాకు రెండో మనిషి నారన్న. ఇస్లాపూర్ దగ్గరి పల్లెటూరి మనిషి. కొలత పట్టేవాడు, రేకులు వచ్చాక పైకెక్కి బిగించేవాడు. రేకు మీద పువ్వుల్లా మెరిసే జింకు మచ్చలను చూసి పూత మందమో పలచనో చెప్పేవాడు. గాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి తూర్పు చివర మొదలుపెట్టి పడమటికి కప్పుకుంటూ పోవాలని, లేకపోతే మొదటి గాలికే రేకు నోరు తెరుస్తుందని నాకు నేర్పింది ఆయనే. బీఎస్సీలో ఇది చెప్పలేదు.

ఆయన దగ్గర ముప్పై అడుగుల ఉక్కు టేపు ఉండేది. ఐదేళ్ల కింద దాని మొదటి అడుగు తెగిపోయింది. ఇక అది ఒకటి అంకె దగ్గర మొదలయ్యేది. కొత్తది కొందామంటే నవ్వేవాడు.

“ముప్పైల ఒక్కటి పోతే ఏమాయె సారు? ఇంక ఇరవై తొమ్మిది మంచిగనే ఉన్నయ్ గదా.”

అప్పటి నుంచి పద్ధతి ఒకటే. ఆయన అవతల తెగిన కొన పట్టుకుని, టేపును రెండుసార్లు గుంజి, “పట్టిన. ఒకటి ఇడువు” అని కేక వేసేవాడు. అంటే నేను చదివిన అంకెలో ఒక అడుగు వదిలెయ్యాలి. పదిహేను చదివితే పద్నాలుగు రాయాలి. నాలుగేళ్లు విన్నాక అది మాట కాదు, నా చేతి అలవాటు. ఆయన కేక వెయ్యగానే పెన్ను దానంతట అదే ఒకటి తగ్గించి రాసేది.

పోయిన దసరా ముందు నారన్న జ్వరంతో పోయాడు. టేపు ఎక్కడికి పోయిందో తెలియదు. నేను నాందేడ్ వెళ్లినప్పుడు కొత్తది కొన్నాను.

మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చి నారన్న ఇంటి కప్పును లేపుకుపోయింది. ఊరందరి ఇళ్లకు రేకులు బిగించిన మనిషి ఇంటి మీద ఉన్నది పాత పెంకులు, వాటి మీద కప్పిన ప్లాస్టిక్ తాటిపత్రి పట్టా. ఆ వేళకు ఇంట్లో ఆయన భార్య గంగవ్వ, కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు లక్ష్మి, పుట్టి తొమ్మిది రోజులైన పసిగుడ్డు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముగ్గురినీ బడి వరండాలో ఉంచారు. బడి జూన్ మధ్యలో తెరుస్తారు. వాన అంతకంటే ముందే మొదలవుతుంది. మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, పది రోజులు కూడా లేవు.

రేకులు మేమే ఇస్తామని మామయ్య చెప్పాడు. మిరుగం లోపల కప్పు వేసి తీరుతానని నేను చెప్పాను. మామయ్య మాట తేలిక, నా మాటకే పని ఉంది.

హిమాయత్‌నగర్ మీదుగా వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ఇల్లు ఒకవాలుది, వెనక గోడ ఎత్తు, ముందు గోడ పొట్టి. గోడలు గట్టిగానే ఉన్నాయి. వెనక గోడ బయటి అంచు నుంచి ముందు గోడ దాటి ఒక జానెడు చూరు దాకా కొలవాలి. గంగవ్వ తమ్ముడు భూమన్న నాతోపాటు ఉన్నాడు.

“నేను ఎనుకకు పోయి పడుత సారు, మీరు ఇటు సదువుండ్రి,” అని గోడ చుట్టూ తిరిగి వెళ్లాడు.

నేను ముందు గోడ దగ్గర ఒక డ్రమ్ము ఎక్కి, టేపు కొనను వెనక గోడ మీదుగా అవతలికి విసిరాను. కాసేపటికి టేపు బిగిసింది. రెండుసార్లు గుంజినట్టయింది.

“పట్టిన. ఒకటి ఇడువు.”

నేను చూరు దగ్గర చదివాను. పదిహేను. చీటీలో పద్నాలుగు రాసుకున్నాను. “సరే, ఇడువు” అంటే టేపు వదులైంది, చుట్టుకున్నాను. అప్పుడు నాకు వింతగా ఏమీ అనిపించలేదు. అదే ఇప్పుడు నాకు వింతగా ఉంది.

గొంతు నారన్నదని నేను రాయను. గోడ అవతలి గొంతు గోడ అవతలి గొంతులాగే ఉంటుంది.

డ్రమ్ము దిగేసరికి భూమన్న నీళ్ల బిందెతో ముందు వైపు నుంచి వచ్చాడు. పాపం నా కోసం ఎండలో మోసుకొచ్చాడని తాగాను.

మర్నాడు పొద్దున షెడ్డులో కాయిల్ చివరికొచ్చింది. వానల ముందు అందరికీ రేకులు కావాలి కాబట్టి ఉన్న కాయిల్ అదొక్కటే, కొత్తది మిరుగం దాటాకే వస్తుందని కబురు. పద్నాలుగు అడుగుల రేకులు పదకొండు కోశాను. మిగిలింది మూడడుగుల ముక్క.

ఒక రేకు సరిచూద్దామని టేపు లాగాను. కొన మీద కొక్కెం తళతళమంటూ కనిపించింది. సున్నా దగ్గర ఉండాల్సిన కొక్కెం, సున్నా దగ్గరే ఉంది.

కొత్త టేపు. ఒక్క అంగుళం కూడా తెగలేదు. మరి నేను ఒకటి ఎందుకు వదిలాను?

ఎండాకాలంలో నా ఒళ్లు చల్లబడటం అదే మొదటిసారి. దయ్యం వల్ల కాదు, పదకొండు రేకులు తలా ఒక అడుగు పొట్టిగా కోసినందుకు. మామయ్యతో చెప్పాను. ఆయన కాయిల్ ఉండాల్సిన చోటును చూశాడు.

“నారన్న లేడు, ఆయన టేపు లేదు, ఆయన ఒకటి మాత్రం నీ నోట్లె ఉండె?” అన్నాడు.

“నేను అనలే మామా. అవతలి నుంచి అన్నరు.”

“ఎవరు?”

“భూమన్న.”

“భూమన్నకు మన ఇరిగిన టేపు సంగతి ఎట్ల ఎర్క?”

ఇది మంచి ప్రశ్న. అయితే నాకు అప్పుడు ప్రశ్నలకు తీరిక లేదు. మిరుగానికి ఇంకా వారమే ఉంది. మిగిలిన ముక్కను, పాత షెడ్డు నుంచి ఊడదీసిన రేకులను, కత్తెరను, రేకులు బిగించే జే-హుక్కులను, తారును అన్నీ బండిలో వేశాను. రేకులు పొట్టివైతే వెనక గోడ వైపు అడుగు అతుకు వేస్తాను. అతుకు కారితే తారు పూస్తాను. తారు కారితే మళ్లీ పూస్తాను. ఆ పసిదాన్ని మాత్రం వరండాలో ఉంచను. దారి పొడవునా ఇదే అనుకున్నాను. ఇస్లాపూర్ దగ్గర డ్రైవర్ అడిగాడు, ఎవరితో మాట్లాడుతున్నారని.

భూమన్న, ఇంకో ఇద్దరు ఊరివాళ్లు కలిసి అంతకుముందే అడ్డకర్రలు వేసి ఉంచారు. తూర్పు చివరి నుంచి మొదటి రేకు ఎక్కించాం. నేను పైన కూర్చుని, కింది అంచును చూరు గీత మీద పెట్టించి, పై అంచు ఎక్కడికి వస్తుందో చూశాను.

వెనక గోడ బయటి అంచుకు సరిగ్గా వచ్చి ఆగింది. వేలెడు ఎక్కువ లేదు, వేలెడు తక్కువ లేదు.

రెండో రేకు కూడా. మూడోది కూడా. కింద నుంచి గంగవ్వ అంది, “ఏంది సారు, గంత సప్పుడు లేకుంట చేస్తున్నవు? పొట్టిగైనయని ఫోన్ల మస్తు ఒర్రితివి గదా.”

“సరిపోయినయ్ వదినె.”

“సరిపోతే మొకం గట్లెందుకు వెట్టినవ్?”

అన్నీ కప్పాక కిందికి దిగి భూమన్నను పక్కకు పిలిచాను.

“భూమన్నా, ఆ రోజు ‘ఒకటి ఇడువు’ అని ఎందుకన్నవు?”

“నేనెప్పుడన్న సారు?”

“టేపు పట్టినప్పుడు.”

“ఆయిలా! టేపు నేనెక్కడ పట్టిన? ఎనుక పోతే నడుము దాక తుమ్మకంప. కాళ్లకు చెప్పులు లేకపాయె. ఎట్ల పోవాలె అని చూస్తుంటె అక్క పిలిచింది, నీళ్లు తెమ్మని. నేనచ్చేసరికి మీరు టేపు చుట్టుకుంటుండ్రి. ఒక్కలే కొలుసుకున్నరేమో, సదువుకున్నోళ్లు గదా అనుకున్న.”

గంగవ్వను అడిగాను. బిందె తెమ్మని పిలిచింది నిజమే. వరండాలో బిందె ఎత్తించింది లక్ష్మి. ఆ ఎండలో గోడ వెనక్కి వెళ్లే మనిషి ఆ ఊళ్లో ఇంకెవరూ లేరు.

వెనక్కి వెళ్లి చూశాను. కంప అలాగే ఉంది, మనిషి నిలబడే చోటు లేదు. కంప మీద చెక్క పలక వేసి, భూమన్నకు నా చెప్పులిచ్చి ఎక్కించి, టేపు కొక్కెం సరిగ్గా గోడ అంచు మీద పట్టించి మళ్లీ కొలిచాను. పద్నాలుగు. అంటే ఆ రోజు నేను పదిహేను చదివానంటే, కొత్త టేపును ఎవరో ఒకటి అంకె దగ్గర పట్టుకున్నారు, ముందున్న ఒక అడుగును కిందికి వదిలేసి. ఆ టేపుకు ఆ అవసరమే లేదు. అలా పట్టుకునే మనిషి నాకు తెలిసి ఒక్కడే.

ఫిజిక్స్ చదివినవాణ్ణి కాబట్టి అంత తేలికగా ఒప్పుకోలేదు. టేపు కొన గోడ దాటి అడుగు కిందికి జారి, కంపకు తగులుకుని ఉండవచ్చు. అప్పుడు కూడా పదిహేనే వస్తుంది. ఇది మంచి వివరణ, నాకు చాలా నచ్చింది. టేపును గోడ మీదుగా పదిసార్లు విసిరాను. తొమ్మిదిసార్లు లాగగానే ఊడి వచ్చింది. ఒక్కసారి మాత్రం ఒక ముల్లు పట్టుకుంది. ఆ ఒక్కసారి నాకు ఎంతో ధైర్యమొచ్చింది. కొంచెం సేపు అక్కడే నిలబడ్డాను, ముల్లు ఏమైనా అంటుందేమోనని.

ఏమీ అనలేదు.

గంగవ్వకు చెప్పకూడదనుకున్నాను. కానీ భూమన్న అప్పటికే చెప్పేశాడు, కొంచెం కలిపి కూడా. ఆమె ఏడుస్తుందనుకున్నాను. కొత్త కప్పు కింద నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని పైకి చూసింది.

“ఊరోళ్ల ఇండ్లన్ని కొలిచిండు. మనది ఎప్పుడు అంటె ఇయ్యాల గాదు రేపు, రేపు గాదు ఎల్లుండి. మా లచ్చిమి నాయినకు ఉన్నన్ని రోజులు సొంతింటికి టేపు పట్టనీకె పుర్సత్ దొరకలే.” కొంగుతో మొహం తుడుచుకుంది. “ఇప్పుడు దొరికినట్టుంది.”

కాయిల్ చివరి మూడడుగుల ముక్క అతుకుకు అక్కర్లేదు కదా, కోళ్లగూటి మీద వేశాం.

మిరుగం దాటిన రెండో రోజు మధ్యాహ్నం గంగవ్వ ఫోన్ చేసింది. ఆమె ఏదో గట్టిగా చెబుతోంది గానీ ఒక్క ముక్క వినపడలేదు. రేకుల మీద వాన చప్పుడు, దాని వెనక పసిదాని ఏడుపు. ఆ ఏడుపు ఆకలిదే గానీ తడిసిన ఏడుపు కాదు. ఫోన్ పెట్టెయ్యకుండా చాలాసేపు ఆ చప్పుడే విన్నాను.

దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ పగలు టేపు అవతలి కొనను ఎవరు పట్టుకున్నారో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. ముల్లు అని చెబుతుంటాను, అడిగినవాళ్లు తలూపుతారు, ఎవరూ రెండోసారి అడగరు.

అదే టేపు వాడుతున్నాను. ఇప్పుడు కొలతకు వెళ్తే అవతలి నుంచి “పట్టిన” అని వినపడగానే చదవను. ఒక్క క్షణం ఆగుతాను. ఇంకేమైనా అంటారేమోనని.