ద్వారకానాథ్‌గారి గరాజ్‌లో మొహాలు

అడిలైడ్‌లో ద్వారకానాథ్‌గారింటికి భోజనానికి వెళ్లినవాళ్లు పొట్ట నింపుకుని, మొహం అక్కడ వదిలి వచ్చేవారు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఎవరు కనిపించినా మొహానికి అచ్చు తియ్యాలి.

అందులో ఆయన తప్పేమీ లేదు, ఉద్యోగం అలాంటిది. పెద్దాసుపత్రి రేడియేషన్ విభాగంలో ఫిజిసిస్టు. గొంతులోనో నోట్లోనో కాన్సర్ వచ్చినవాళ్లకి కిరణాలు పెట్టేటప్పుడు తల ఇసుమంత కూడా కదలకూడదు. అందుకని మొహానికి ప్లాస్టర్ పట్టీలతో అచ్చు తీసి, దాన్నిబట్టి ఓ ప్లాస్టిక్ తొడుగు చేసి, మనిషిని అందులో ఉంచి బల్లకి బిగించేస్తారు. తొడుగు ఎంత బాగా కుదిరితే కిరణం అంత సన్నగా పంపొచ్చు. కిరణాల వేడికి నోరు అంత తక్కువ ఎండుతుంది. ఆయన పరిశోధనంతా దాని మీదే. దానికి జబ్బులేని మొహాలు కావాలి. 1990 ప్రాంతాల్లో అడిలైడ్‌లో ఉన్న తెలుగు మొహాలన్నీ ఒక హాల్లో పట్టేవి. వాటిలో సగానికి పైగా ఆయన గరాజ్ గూళ్లలో తెల్లగా, కళ్లు మూసుకుని, వరసగా ఉండేవి. కరెంటు మీటరు కూడా ఆ గరాజ్‌లోనే. ఒకసారి రీడింగ్‌కి వచ్చిన కుర్రాడు తలుపు తీసి, అంతే మర్యాదగా మూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటి బిల్లు అంచనా మీదే వచ్చేది.

"మొహం నయమండీ," అనేవాడు భీమవరం సుబ్బరాజు. "ప్రొస్టేట్ మీద పనిచేసిన ఏడాది ఇంటికొచ్చిన మగాళ్లందరికీ చెంబులు చెంబులు నీళ్లు తాగించాడు. బ్లాడర్ నిండుగా ఉండాలట. తాగించి, బాత్రూమ్ తలుపుకి అడ్డంగా నిలబడి వాచీ చూసుకునేవాడు."

అచ్చుకి ఒప్పించడానికి ద్వారకానాథ్‌గారి దగ్గరున్న ఆయుధం పొగడ్త. శేషుకుమారి సుబ్బరాజు భార్య. పదిమందిలో ఆవిడ ఎదురుగా నిలబడి, "మీ గడ్డం కింద ఎంత చక్కటి జాగా ఉందండీ, నాలుగు పట్టీలు పడతాయి," అన్నారు. ఆవిడ నెల్లాళ్లు మాట్లాడలేదు. మాట్లాడిన రోజునే అచ్చు ఇచ్చేసింది.

అచ్చు తీయించుకోవడం ఒక ఎత్తు, ఆ కాసేపూ ఆయన మాటలు వినడం ఒక ఎత్తు. పెదవుల మీద పట్టీ పడేదాకా మహా పెద్దమనిషి. పడగానే ఎక్కడలేని తప్పులూ మాట్లాడేవారు. క్రికెట్ అంటే ప్రాణమిచ్చే సుబ్బరాజు దగ్గర, మొన్న ఓవల్‌లో ఓడిన టీమే గెలిచిందన్నారు. శేషుకుమారితో గోంగూర పచ్చడికి అసలు రుచి పంచదారేనన్నారు. కాదని చెబుదామంటే నోరు సున్నం కొట్టినట్టు బిగుసుకుపోయి ఉండేది. పైగా సుబ్బరాజు పట్టీ ఊడదీసినప్పుడు సగం మీసం దాంతోపాటే వెళ్లిపోయింది. వెజలిన్ చాల్లేదన్నారు ద్వారకానాథ్‌గారు.

ఇన్ని మొహాల్లో దొరకని మొహం ఒక్క ఎలియాజర్‌ది. నరసాపురం మనిషి, పోస్టాఫీసులో ఉద్యోగం. అరువు తెచ్చుకున్న చర్చి హాల్లో ఆదివారం తెలుగు ఆరాధనకి పాటలు కట్టేదీ, పాడేదీ, పక్కవాళ్లు శ్రుతి తప్పితే గుడ్లురిమేదీ అతనే. ద్వారకానాథ్‌గారు "ఎలియాజర్ గారూ, ఇలా కాస్త" అనగానే అతనికి దగ్గు వచ్చేది. లేకపోతే గడ్డం పెంచే మొక్కు గుర్తొచ్చేది. ఒకసారి ఏ వంకా దొరక్క, పెరుగన్నం ప్లేటు చేత్తో పట్టుకునే బట్టలుతికే గది తలుపులోంచి బయటపడి కారెక్కాడు. ఆ ప్లేటు తిరిగిచ్చే ధైర్యం కూడా లేకపోయింది.

అసలు కారణం అతని భార్య సుగుణకుమారికి ఒక్కదానికే తెలుసు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో దాగుడుమూతలాడుతూ ఎలియాజర్ ట్రంకుపెట్టెలో దాక్కున్నాడు. గొళ్లెం పడిపోయింది. వెతికేవాళ్లు అన్నానికి వెళ్లిపోయారు. అప్పట్నించీ మొహం మీద దుప్పటి కూడా పడనివ్వడు. లిఫ్ట్ ఎక్కడు. చలికాలంలో కూడా అతని తల రజాయి బయటే ఉండేది.

అలాంటివాడి గొంతు ఆ ఏడు ఈస్టర్ పాటల మధ్యలో బొంగురుపోయింది. మిరియాల కషాయానికీ, తేనెకీ లొంగలేదు. సుగుణకుమారి చెయ్యిపట్టుకుని లాక్కెళితే, స్వరపేటిక మీద చిన్న కాన్సర్ అన్నారు. తొందరగానే కనిపెట్టాం, రోజూ రేడియేషన్ పెడితే జబ్బు పోతుంది, పాటా మిగులుతుంది అన్నాడు డాక్టరు. అది వద్దంటే ఆపరేషనే. ఆపరేషనైతే పాట ఉండదు. ఎలియాజర్ రేడియేషన్‌కి సంతోషంగా సంతకం పెట్టి, తర్వాత అడిగాడు, ఇంకేమైనా ఉందా అని. ముందు మొహానికి అచ్చు తియ్యాలి అన్నాడు డాక్టరు.

అచ్చులు తీసే గదిలో ద్వారకానాథ్‌గారు చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నారు. ఎలియాజర్ పడుకున్నాడు. తడిపట్టీ నుదుటికి తగలగానే లేచాడు. మళ్లీ పడుకున్నాడు. ఈసారి లేవడమే కాదు, కార్ పార్క్ దాకా పరుగెత్తాడు, వెనకాల హ్యాండ్‌బ్యాగ్‌తో సుగుణకుమారి.

"ఆపరేషనే చేయించేసుకుంటానే," అన్నాడు కార్లో కూర్చుని, బొంగురుగొంతుతో.

"చేయించుకోండి. మీ పాట లేకపోతే నేనెవర్ని విసుక్కోవాలో కూడా చెప్పేసి చేయించుకోండి."

మర్నాడు ఆవిడ ఒక్కతే వెళ్లి ద్వారకానాథ్‌గారికి ట్రంకుపెట్టె సంగతి చెప్పింది. ఆయన చివరిదాకా విని ఓదార్పుమాట ఒక్కటైనా అనలేదు. "ఆయన సొంతంగా కట్టిన పాట, క్యాసెట్ మీద ఏదైనా ఉందా అమ్మా?" అన్నారు. మొగుడి గొంతు పోయేలా ఉంటే ఈయనకి పాటల సరదా పుట్టిందేమిటని ఆవిడకి ఒళ్లు మండింది. అయినా క్రిస్మస్ పాట క్యాసెట్ ఇచ్చింది. ఓ వారం ఆయన దగ్గర్నుంచి కబురు లేదు. తర్వాత ఫోన్ చేసి, ఇంకొక్కసారి చూద్దాం తీసుకురండి అన్నారు.

ఎలియాజర్ ప్రార్థన చేసుకుని పడుకున్నాడు. ముక్కుపుటాలు వదిలి, నుదురు, బుగ్గలు, పెదవులు, గొంతు, అన్నిటిమీదా చల్లగా పట్టీలు పడ్డాయి. చూస్తుండగా అవి వేడెక్కాయి. చీకట్లో ఎక్కడో గొళ్లెం చప్పుడు వినపడింది. ఇక లేచిపోదామని చేతులు బల్లకి ఆనించాడు.

సరిగ్గా అప్పుడు ద్వారకానాథ్‌గారు కూనిరాగం మొదలెట్టారు. ఎలియాజర్ కట్టిన క్రిస్మస్ పాటే. పల్లవి బాగానే వెళ్లింది. చరణంలో రెండో పాదం పైకి లేవాలి, ఆయన కిందికి దిగారు. ఎలియాజర్ చేతులు ఆగిపోయాయి. పొరపాటేమో, రెండోసారి దిద్దుకుంటాడేమో అని చూశాడు. రెండోసారి ఇంకాస్త ధీమాగా కిందికి దిగారు.

"మంచి పాటండీ," అన్నారు పైగా. "ఈ ట్యూన్ ఏ సినిమాలోంచి ఎత్తారు?"

ట్రంకుపెట్టె, గొళ్లెం, హాస్టలు, అన్నీ ఎలియాజర్ బుర్రలోంచి ఎగిరిపోయాయి. లోపల కుతకుత ఉడికిపోతూ, బయటికి రాయిలా పడుకున్నాడు. పట్టీ ఊడిరాగానే, "అది కిందికి కాదండీ, పైకి," అన్నాడు.

"అయిపోయిందండీ."

"ఏది?"

"అచ్చు."

ఆ తర్వాత వారాల తరబడి రోజూ అదే తంతు. తొడుగు బిగించి అందరూ గది బయటికి వెళ్లగానే, గోడమీది స్పీకర్లోంచి పాట వచ్చేది, రోజుకొక కొత్త తప్పుతో. ఇవాళ తాళం, రేపు ఎత్తుగడ. మధ్యలో ఎలియాజర్ గొంతు పూర్తిగా పడిపోయింది, మెడ కమిలింది, మెతుకు మింగుడుపడేది కాదు. అయినా పొద్దున్నే తయారై, సుగుణకుమారి కంటే ముందు కార్లో కూర్చునేవాడు. "ఆ మనిషిని దిద్దాలి," అని సైగ చేసేవాడు. బల్ల దిగుతూనే చేతుల్తో తాళం వేసి చూపించేవాడు. ద్వారకానాథ్‌గారు భక్తిగా తల ఊపి, మర్నాడు ఇంకో చోట తప్పేవారు. ఆయన చార్టుల్లో మాత్రం, ఆ విభాగం మొత్తమ్మీద అంత తక్కువ కదిలిన మెడ ఇంకొకటి లేదు.

క్రిస్మస్ నాటికి గొంతు తిరిగొచ్చింది. డిసెంబరు ఎండకి హాలు కుంపటిలా ఉంది. అందరూ పాటల కాగితాలతో విసురుకుంటున్నారు. ఎలియాజర్ తన పాట ఎత్తుకున్నాడు. ఎన్నాళ్లుగానో ఒక అనుమానం అతన్ని తొలుస్తోంది. ఒకే పాటని అన్ని రోజులు, అన్ని రకాలుగా, ఒక్క తప్పూ రెండోరోజు రాకుండా తప్పడం సామాన్యుడి వల్ల అయ్యే పనేనా? చరణం రెండో పాదంలో, పైకి లేవాల్సినచోట, కావాలని కిందికి దిగాడు.

హాల్లో ఎవరూ పట్టించుకోలేదు. పాపం, గొంతు ఇంకా కుదుటపడలేదనుకుంది సుగుణకుమారి. ఆఖరి వరసలో మాత్రం ద్వారకానాథ్‌గారి చూపుడువేలు టక్కున పైకి లేచింది. లేచిన వేలిని ఏం చెయ్యాలో తెలియక ఆయన చెవి గోక్కున్నారు.

బిర్యానీ దగ్గర ఎలియాజర్ ఆయన్ని పట్టుకున్నాడు. "దొరికారండీ."

"దేనికండీ?"

"వేలు చూశాను."

ఆయన బదులు ఆయన భార్య ఉదయలక్ష్మి చెప్పింది. "వారం రోజులు మా ఇంట్లో అదే పాట అన్నయ్యగారూ. మూడు రోజులు ఒప్పు రావడానికి, నాలుగు రోజులు తప్పు రావడానికి. తప్పే కష్టమైంది ఈయనకి. భయపడేవాడికి ధైర్యం చెబితే ఇంకా బెదురుతాడట. ఓ తప్పు వినిపిస్తే, దిద్దేదాకా కదలడట. ఇంటికొచ్చిన వాళ్లందరి మీదా అదే పరీక్ష."

పక్కనున్న సుబ్బరాజు ప్లేటు కింద పెట్టాడు. "అయితే ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో…"

"నాకు తెలుసండీ."

"గోంగూరలో పంచదార?" అంది శేషుకుమారి.

"మా అమ్మ వింటే ఇంట్లోంచి గెంటేసేది."

"మరి నా మీసం?"

ద్వారకానాథ్‌గారు కాసేపు బిర్యానీ కలుపుకున్నారు. "అది మాత్రం నిజంగా తప్పేనండీ."

నవ్వులు అణిగాక ఆయన చూపు మెల్లగా ఎలియాజర్ దవడ మీదికి పాకింది. "బాగా సన్నబడ్డారు ఎలియాజర్ గారూ. పాత అచ్చు ఇక మీది కాదు."

సుగుణకుమారి అలవాటుకొద్దీ కారు తాళాలు తీసింది. ఎలియాజర్‌కి మాత్రం దగ్గు రాలేదు.

"ఆదివారం వస్తాను," అన్నాడు. "మీ ప్లేటు కూడా తెస్తాను."