పైకి పారిన ఏలూరు కాలువ

ఫోన్లో మ్యాపు తెరిస్తే చాలు, నా మూడో తరగతి అయోమయం తిరిగొస్తుంది. డెబ్బైల్లో మా బెజవాడ బడిలో అన్ని పాఠాలూ ఒక్క మాస్టారే చెప్పేవారు. ఒకరోజు పొద్దున సైన్సులో, "నీరు పల్లమెరుగు. పైకి పారదు" అన్నారు. మధ్యాహ్నం సోషల్లో గోడకు పటం తగిలించి, "పైన ఉత్తరం" అంటూ ఏలూరు కాలువ వెంట బెత్తం నడిపించారు. బెత్తం బెజవాడ నుంచి పైకి పోయింది!

మాస్టారు అబద్ధమాడతారా? భయపడుతూనే లేచాను.

"కాలువ పైకెట్టా పారుద్దండీ?"

ఆయన పటం తీసి నేలమీద పరిచారు. "ఇప్పుడు చెప్పమ్మాయ్, పైనేది?"

తడబడి పటం తొక్కాను. చేత్తో తాకి, కళ్ళకద్దుకుని అడిగాను: "మరి పరీక్షలో ఏది రాయాలండీ?"

ఆయన నవ్వేశారు. ఇప్పటికీ ఏలూరు బస్సెక్కితే, నాకు మెరక ఎక్కుతున్నట్టే ఉంటుంది.