టెస్టింగ్ కోసం రాసినవి

రెండేళ్లలో ఏడు బ్లాగులు మొదలుపెట్టాను. ఒక్కటీ మిగల్లేదు. ఏడింటినీ నా చేతులతోనే పెట్టాను, నా చేతులతోనే తీసేశాను. ఇదేం పద్ధతయ్యా అని ఎవరైనా అడిగితే నాకు చర్రున కోపం వస్తుంది. నా దగ్గర జవాబు లేదు మరి, కోపం రాక ఏమొస్తుంది!

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, లామినేషన్, అన్నీ చేస్తాను. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి దాని గురించి నాకు తెలియనిది లేదని ఊళ్లో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కొంప ముంచింది అదే.

బ్లాగు కావాలని అడిగింది మా అక్క. నాకంటే ఆరేళ్లు పెద్దది, కంగ్టి పక్క ఊరికి ఇచ్చారు. పెళ్లయినప్పటి నుంచి ప్రతి అంగడి రోజూ కంగ్టి బస్సులో వచ్చి, కూరగాయలు కొనకముందే నా షాపుకు వచ్చేది. జిరాక్స్ మిషను పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంటుంది, దాని మీద కూర్చునేది. మంచినీళ్లు కూడా తర్వాతే. ముందు అడిగే మాట ఒకటే.

“ఊళ్ల ఏమైందిరా?”

నేను మొదలుపెట్టేవాణ్ణి. టీ కొట్టాయన పాలవాడితో ఎందుకు లొల్లి పెట్టుకున్నాడు, ఫొటో దిగడానికి వచ్చిన ముసలాయన రెండు కళ్లూ మూసుకుని ఎలా కూర్చున్నాడు, అన్నీ చెప్పేవాణ్ణి. అక్క కడుపు పట్టుకుని నవ్వేది. నవ్వు ఆగాక “మళ్ల జెప్పు” అనేది. విన్నదే మళ్లీ వినడం దానికి ఇష్టం. ఏడో తరగతితో చదువు మాన్పించారు గానీ చదివే పిచ్చి మాత్రం పోలేదు. మిర్చీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె మరకల మధ్య అక్షరాలు వెతుక్కుని చదివాకే పారేసేది. నా షాపులో పాడైపోయిన జిరాక్స్ కాగితాలు సైతం వదిలేది కాదు. వేరేవాళ్ల దరఖాస్తులు నీకెందుకే అని కసిరితే, “పాపం, ఈయనకు ఇంకా పింఛను రాలేదా?” అని నన్నే అడిగేది.

రెండేళ్లు వరసగా కంది చేతికి రాకపోయేసరికి అక్కా బావా పుణె వైపు పనికి వెళ్లిపోయారు. కట్టడాల దగ్గర బావకు పని, అక్కడి కూలీలకు అక్క వంట. అంగడి రోజు వచ్చేది, బస్సు వచ్చేది, అక్క వచ్చేది కాదు. రాదని తెలిసి కూడా కంగ్టి బస్సు హారన్ వినబడగానే నా తల దానంతట అదే లేచేది. నాకు అక్క మీద అంత బెంగ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. ఫోన్ చేస్తే వెనక గిన్నెల చప్పుడు, మధ్యలో ఎవరో పిలుపు. “రొట్టెలు జేస్తున్న తమ్మీ, మళ్ల మాట్లాడత” అని పెట్టేసేది.

ఒకరోజు కొంచెం తీరిక దొరికినట్టుంది, తానే చేసింది.

“ఫోన్ల జెప్పింది గాలికి వోతదిరా. నువ్వు రాసి పెట్టు. పొద్దుగాల పొయ్యి అంటుకునేదాక సదువుకుంట.”

“రాస్తలే. వాట్సాప్‌ల పంపుత.”

“వద్దు. ఫోన్ నిండిందని మీ బావ అన్ని తుడిచేస్తడు. ఇంటర్నెట్‌ల పెడితే ఎవ్వలు తుడువరట గదా? గట్ల పెట్టు. ఒక్కపారి సదివితే నాకు సాలదు. ఈడ మనోళ్లు నలుగురున్నరు, మా తమ్ముడు రాసిండని సూపిస్త.”

అక్క నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఇగ చూడండి నా హుషారు. వారంలో పెట్టేస్తానని మాటిచ్చాను.

వారం ఎక్కడిది? ఒక సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ రాసిన దాని మధ్యలో ప్రకటనలు దూరుతాయి. అక్క చదువుతుంటే మధ్యలో ఎవరో జుట్టు నూనె అమ్మడం నాకు నచ్చలేదు, తీసేశాను. ఇంకొకటి చూడ్డానికి ముద్దుగా ఉంది గానీ తెలుగు ఒత్తులు అక్షరం కింద ఉండక పక్కకు జరిగి కూర్చున్నాయి. మూడోది అన్నీ బాగున్నా బరువు ఎక్కువ, పాత ఫోన్లలో తెరుచుకోదు. నాలుగోదానికి నల్లటి తెర మీద ఆదేశాలు కొట్టాలి. పది రోజులు దాంతో కుస్తీ పట్టాను, తల ప్రాణం తోకకొచ్చింది. అది పని చేసిన రోజున, ఇంతకంటే మంచిది ఇంకొకటి వచ్చిందని ఎక్కడో చదివాను. అంతే, మళ్లీ మొదటికి!

దేన్ని చూసినా అందులో ఒక లోపం, పక్కదానిలో ఒక సుఖం. రేపు మార్చాల్సి వస్తే రాసినవన్నీ మోసుకుపోవడం కష్టం కదా, అందుకే ముందే సరైనది ఎంచుకోవాలని నా వాదన. ఏం మోసుకుపోతావురా, ఒక్కటన్నా రాశావా అని నన్ను నేను అడగలేదు. నా భార్య మాత్రం అడిగింది.

“నేను సీరెల దుకాణంల గంటసేపుంటె అంగడంత ఇనవడేటట్టు లొల్లి జేస్తవ్. నీ రెండేండ్ల సంగతేందయ్యా?”

“నీకు దెల్వదు, ఊకో” అన్నాను. ఇంకేమనను?

ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ అక్క ఫోన్ మీదే పరీక్షించేవాణ్ణి. దాని ఫోన్ పాతది, అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. అందులో తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది. బ్లాగు పెట్టగానే ఖాళీ పేజీ పంపితే లాభం లేదు కాబట్టి ఏదో రెండు మూడు ముక్కలు కొట్టేవాణ్ణి. ఏం కొట్టాలో తోచదు, తలెత్తి షాపు బయటికి చూసేవాణ్ణి. అక్కడ ఏది కనబడితే అది. లింకు పంపి వెంటనే ఫోన్ చేసేవాణ్ణి.

“ఓపెనైందా?”

“అయింది.”

“ఎంతసేపు వట్టింది?”

“గిన్నె కడిగేంత.”

“ఒత్తులు మంచిగున్నయా?”

“మంచిగనే ఉన్నయిరా. అవునుగని, టీ కొట్టాయన కాలు నయమైందా?”

“అక్కా, గది ఇడిశిపెట్టు! అక్షరాలు చిన్నగున్నయా పెద్దగున్నయా, గది జెప్పు ముందు.”

టీ కొట్టాయన కాలు సంగతి దానికెలా తెలిసిందని నేను ఆలోచించనే లేదు. గిన్నె కడిగేంత అంటే ఎన్ని సెకన్లని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే మర్నాడో, ఆ మర్నాడో బ్లాగు మొత్తం తీసేసేవాణ్ణి. చెత్త మిగల్చడం నాకు ఇష్టం ఉండదు.

మొన్న జొన్న కోతల రోజుల్లో అక్క ఒక్క రోజు కోసం వచ్చింది. రేషన్ కార్డుకు వేలిముద్ర వేయకపోతే పేరు తీసేస్తారని ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చింది. తీరా వస్తే డీలరు దగ్గర మిషను దాని వేలిని గుర్తుపట్టలేదు. పది వేళ్లూ పెట్టింది, ఒక్కటీ పట్టలేదు. రోజూ అన్ని రొట్టెలు చేసి, అన్ని గిన్నెలు తోమి గీతలు అరిగిపోయాయి. చేతులకు నూనె రాసుకుని మధ్యాహ్నం మళ్లీ రమ్మన్నాడట డీలరు. ఆ మధ్యలో నా షాపుకొచ్చి అదే స్టూలు మీద కూర్చుంది, నూనె రాసిన అరచేతులు పైకి పెట్టుకుని. ఆ చేతుల వైపు చూడలేక నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

“అక్కా, ఈసారి మంచిది దొరికింది” అని ఎనిమిదోది తెరిచి చూపించాను. ప్రకటనలు లేవు, బరువు లేదు, ఒత్తులు చక్కగా ఉన్నాయి, రంగు కూడా కళ్లకు గుచ్చుకోదు. గొప్పగా అన్నీ చెప్పుకొచ్చాను. అక్క ముందుకు వంగి తెరంతా చూసింది.

“రాసినవి ఏవిరా?”

“ఇంక రాయలే. ఇప్పుడు రాస్త.”

“గవి గాదు. వాన పడ్డదని రాసినవ్ గదా, గది ఏడ వోయింది? టీ కొట్టాయన కాలు మెలివడ్డది? పొద్దుగాల సదువుదామని తీస్తే ఏం లేకుండె.”

“గవా? తీసేసిన. ఉత్తగ సూసేతందుకు రాసినక్కా. టెస్టింగ్.”

“టెస్టింగా?”

అక్క నూనె చేతుల్ని ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చుంది.

“నాకు రాస్తున్నవనుకున్నరా” అంది. “గీ వానది రొట్టెలు జేసేటప్పుడు మనోళ్లకు గూడ జెప్పిన.”

ఆ తర్వాత నేను అడగకుండానే చెప్పింది. “పొద్దుగాల వాన పడ్డది. టీ కొట్టు రేకుల మీద గా సప్పుడుకు ఎవలు మాట్లాడింది ఎవలకు ఇనవడలే. అందరు ఊకున్నరు. అంగడి మొత్తం ఊకున్నది.”

నేను అంత రాశానా? రాయలేదనుకుంటాను. వాన పడుతోంది, రేకుల మీద చప్పుడు అని ఏదో కొట్టి ఉంటాను. నా దగ్గర లేదు కదా చూసుకోవడానికి. టీ కొట్టాయన కాలు సంగతి కూడా చెప్పింది, ఆయన కుంటుతూ వచ్చి మరీ పాలవాణ్ణి తిట్టడం. మూడోదాని దగ్గర ఆగింది.

“ఇంకోటుండె. కంగ్టి బస్సొచ్చింది, అందరు దిగిండ్రు అని రాసినవ్. గంతే రాసినవ్.”

అది నాకు గుర్తుంది. అక్షరాల సైజు చూడ్డానికి కొట్టింది.

“గది సదివిన రోజు రొట్టె మాడవెట్టిన. తెల్లారి మళ్ల సదువుదామంటే లేకపాయె. నేను రాలేదని కోపమొచ్చి తీసేసినవనుకున్న.”

“నాకేం కోపమక్కా! నాకెందుకొస్తది కోపం!” అని దాదాపు అరిచాను. జిరాక్స్ కోసం వచ్చిన ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

బావ తుడిచేస్తాడని కదా అది నన్ను అడిగింది. బావకైనా ఫోన్ నిండిందని ఒక కారణం ఉంది. నేను మంచి పేజీ కోసం, మంచి అక్షరాల కోసం, అక్క చదువుతున్నవన్నీ ఏడుసార్లు తుడిచేశాను. ఆ మాటే అక్కతో అన్నాను. “పోనీలేరా, నీకెట్ల దెలుస్తది” అంది. తిట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు నేను పలక పగలగొడితే ఎలా తిట్టిందో, అలా తిట్టాల్సింది.

“మిగిలిన నాలుగు ఏందక్కా? యాది జేస్కో.”

ఆలోచించింది. జొన్న కంకుల బండి ఒకటి బస్టాండు ముందు ఇరుక్కుపోయిందని ఉందంది, ఆ తర్వాత ఏమైందో గుర్తులేదంది. మిగతావి దానికీ గుర్తులేవు, నాకూ గుర్తులేవు. అవి పోయాయి.

అప్పుడు తెరిచి ఉన్నది ఎనిమిదోది. ఇక వెతకలేదు, అదే ఖాయమైంది. “మళ్ల జెప్పు” అన్నాను. ఆ మాట మొదటిసారి నేను అన్నాను, చెప్పేది అక్క అయింది. వాన గురించి అది చెప్పినది చెప్పినట్టే కొట్టాను. గవే మాటలా, పుస్తకం మాటలు వద్దా అని అడిగింది. వద్దన్నాను. టీ కొట్టాయన కాలు కూడా ఎక్కించాను. బండి సగమే అయినా ఎక్కించాను. బస్సుది మాత్రం అది చెప్పక్కర్లేదు, నాకు వచ్చు.

మధ్యాహ్నం డీలరు మిషను ఎడమ చేతి ఉంగరం వేలును పట్టుకుంది. ఐదింటికి అక్క పుణె పోవడానికి జహీరాబాద్ బస్సెక్కింది. కిటికీలోంచి ఏదో అంటుంటే ఇంజను చప్పుడులో వినబడలేదు, నేను తలూపాను. బస్సు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడ్డాను. షాపులో మనుషులు ఎదురుచూస్తున్నారు, చూడనీ అనుకున్నాను.

మూడో రోజు పొద్దున షట్టరు ఎత్తుతుంటే ఫోన్ మోగింది. వెనక అవే గిన్నెల చప్పుళ్లు.

“ఓపెనైందిరా. గిన్నె కడిగేంత సేపు వట్టింది.”

“నేను గది అడగలే అక్కా. సదివినవా?”

“నిన్ననే సదివిన. ఇయ్యాల ఉన్నదా లేదా అని సూసిన.”

ఎవరో పిలుస్తున్నారు అక్కడ.

“ఉన్నది” అని పెట్టేసింది.