రెండూ ఎడమ చేతులే

కటింగ్ మాస్టారి ఘనత ఆయన నోటే వినాలి. టేపు మెడలో వేసుకుని మొదలుపెట్టారంటే, గుడ్డ ఇవ్వడానికి వచ్చినవాళ్లు వచ్చిన పని మర్చిపోవాల్సిందే.

"చదివింది ఐదో తరగతి. అయితేనేం, కాలేజీ ప్రిన్సిపాలుగారి కోటు ఈ చేత్తోనే కుట్టాను. మన చర్చి పాటల బృందానికి ముప్పై రెండు అంగీలు, మూడే వారాల్లో! పాస్టరుగారి తెల్ల అంగీకి చంకలో ఒక్క ముడత చూపించండి, షాపు మూసేస్తాను. నలభై ఒక్క ఏళ్లు! తప్పు కోత ఒక్కటీ లేదు."

"ఆ మాట గోడలక్కూడా కంఠతా వచ్చేసింది. కాస్త కత్తెర కదపండి" అనేది మూలన కూర్చుని కాజాలు కుట్టే ఆయన భార్య.

గొప్పలే గానీ అబద్ధాలు కావు. రోజూ కత్తెర ముట్టుకునే ముందు బల్ల మీద చెయ్యి ఆనించి, ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకోనిదే ఆయన పని మొదలుపెట్టేవారు కారు.

ఒక శుక్రవారం పొద్దున ఆసుపత్రి నర్సమ్మగారి గుడ్డ పరిచారు. ముదురు నీలం ఉన్ని. ఆవిడ భర్త కొనుక్కుని, కుట్టించుకోకుండానే కన్నుమూశాడు. పదహారేళ్లు పెట్టెలో దాచి, ఇప్పుడు కొడుకు పెళ్లికి కోటు కుట్టమని తెచ్చిందావిడ. అలాంటి గుడ్డ ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు.

గుడ్డని మడతపెట్టి కోస్తే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఒకేసారి వస్తాయి. గుడ్డ తక్కువ కావడంతో మాస్టారు మడత లేకుండా ఒక్కొక్కటీ కోశారు. అలా కోసేటప్పుడు రెండోసారి నమూనా కాగితాన్ని తిరగెయ్యాలి. ఎవరో ప్యాంటు ఇవ్వడానికి వస్తే, ముప్పై రెండు అంగీల కథ చెబుతూ ఆ సంగతే మరిచారు. కోశాక చూస్తే రెండూ ఎడమ చేతులే! ఉన్నికి నునుపు ఒకవైపే, తిరగేసి కుట్టడానికీ లేదు.

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. భార్య లేచి వచ్చి చూసింది.

"మిగిలిన ముక్క?"

"జేబు మూతలకే చాలదే."

ఆవిడ రెండు ముక్కలూ మడిచి పక్కన పెట్టింది. "నేను కోశానని చెప్పండి. కాజాల మనిషిని, నాకు పేరా, పాడా? నాలుగింటికి నర్సమ్మగారు వచ్చినప్పుడు మీరు నన్ను నాలుగు తిట్టండి. జాలిపడి ఆవిడే ఊరుకుంటుంది."

మాస్టారి ప్రాణం కాస్త కుదుటపడింది. ఏమని తిట్టాలో కూడా మనసులో అనుకున్నారు. మధ్యాహ్నం మళ్లీ కత్తెర పట్టబోతూ అలవాటుగా బల్ల మీద చెయ్యి ఆనించారు. 'మమ్మును శోధనలోకి తేక' అన్న మాట దగ్గర ఆగిపోయారు. ఇన్నేళ్లూ శోధనంటే సారా కొట్టు, పేకాట అనుకుని, అవి తనని అంటవు గనక ఆ మాట గబగబా దాటేసేవారు. ఈరోజు అది తన పరువు రూపంలోనే వచ్చి కూర్చుంది. మూలన భార్య, జారిన కళ్లజోడుతో, ఆయన కోసం తిట్లు తినడానికి సిద్ధంగా కాజా కుడుతోంది.

"వద్దే" అన్నారు మాస్టారు. "నా తప్పు మొయ్యడానికి నువ్వెవరివి? ఆ పని సిలువ మీద ఒకాయన ఎప్పుడో చేసేశాడు. మళ్లీ నీతో చేయించనా?"

ఆవిడ దారం పంటితో తెంపి, కళ్లు తుడుచుకుంది.

నాలుగింటికి నర్సమ్మగారు వచ్చింది. మాస్టారు నిలబడి, కోసిన రెండు చేతులూ ఆవిడ ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆవిడ ఆ ఉన్నిని మెల్లగా నిమిరింది.

"గుడ్డ చాలలేదంటే నమ్మేదాన్నిగా మాస్టారూ?"

"నమ్ముతారనేనమ్మా నా భయం."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, చిన్నగా నవ్వింది. "చేతుల్లేని కోటు కుట్టలేరా? మావాడి నాన్నకి ఎప్పుడూ చేతులు పైకి మడుచుకోవడమే అలవాటు."

పెళ్లిలో ఆ చేతుల్లేని కోటు పెళ్లికొడుక్కి అచ్చు పోసినట్టు కుదిరింది. ఒక చెయ్యి నర్సమ్మగారు తన పెట్టెలో దాచుకుంది. రెండోది మాస్టారు అడిగి తీసుకుని, బల్లకి ఎదురుగా మేకుకి తగిలించారు.

ఇప్పటికీ ప్రిన్సిపాలుగారి కోటూ, ముప్పై రెండు అంగీలూ చెబుతూనే ఉన్నారు. చివరి మాటే మారింది.

"ఇన్నేళ్లలో ఒకే ఒక్క తప్పు కోత. అదిగో, చూడండి!"

"చాల్లెండి, దానిక్కూడా గొప్పేనా?" అంటుంది మూలనుంచి భార్య.