ఊదారంగు కోటు పెదనాయన

ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చు అని చెప్పుకోవడానికీ, నిజంగా ఇంగ్లీషు రావడానికీ మధ్య పెద్ద దూరం ఉండేది కాదు. కనీసం మా వైపు ఉండేది కాదు. తడబడకుండా నాలుగు వాక్యాలు చదివి చివర్లో థాంక్యూ అన్నవాళ్ళకు ఇంగ్లీషు వచ్చినట్టే. మాది ఉదయగిరి. మా నాయన అక్కడ మిషన్ బళ్ళో టీచరు. ఆయన నాకు నేర్పిన ఇంగ్లీషు చాలా పద్ధతైనది. కర్త, కర్మ, క్రియ ఆదివారం చర్చిలో కూర్చున్నవాళ్ళలాగా ఎవరి చోటులో వాళ్ళు కుదురుగా ఉండేవి. రాయమంటే సెలవుచీటీ నుంచి సంతాప తీర్మానం దాకా ఏదైనా రాసేదాన్ని. ఎవరైనా మాట్లాడితే విని అర్థం చేసుకోవలసిన అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే మా ఊళ్ళో ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

ఇరవై ఏళ్ళకు టీచర్ ట్రైనింగ్ ముగించి, ఆత్మకూరులో కొత్తగా పెట్టిన ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఉద్యోగానికి వెళ్ళాను. అక్కడ మా పిన్నమ్మ ఇల్లు ఉండడం వల్ల ఉండడానికి ఇబ్బంది లేదు. బడి కరస్పాండెంటు సారు ఇంటర్వ్యూలో నా సర్టిఫికెట్లన్నీ చూసి, చివర్లో ఏదో ఒకటి అడగాలి కాబట్టి, ఇంగ్లీషు సినిమాలు అర్థమవుతాయా అని అడిగారు. అవుతాయి సార్ అన్నాను. (అప్పటికి నేను ఒక్క ఇంగ్లీషు సినిమా కూడా చూడలేదు. చూడనివి అర్థం కావని ఎలా చెప్పగలను?) ఆయన సంతోషించి ఉద్యోగం ఇచ్చారు. ఆ ఒక్క జవాబు నాలుగు నెలలు ఎవరి జోలికీ పోకుండా పడి ఉంది.

నవంబరులో బాలల దినోత్సవం వచ్చింది. కరస్పాండెంటు సారు బావమరిది కువైట్ నుంచి వస్తూ ఒక వీడియో క్యాసెట్ తెచ్చాడు. బొమ్మల సినిమా. ఒక కుటుంబంలో తల్లీ తండ్రీ పిల్లలూ అందరికీ ఏవో శక్తులుంటాయి, ఒక దుర్మార్గుడితో పోరాడతారు, చూస్తే పొట్ట చెక్కలవుతుంది, ఇదీ ఆ బావమరిది చెప్పిన కథ మొత్తం. మిగతా కథ చెప్పకుండానే ఆయన అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు. దాన్ని పిల్లలకూ తల్లిదండ్రులకూ కలిపి చూపించాలనీ, సినిమా నడుస్తుంటే ఇంగ్లీషు మిస్ పక్కన నిలబడి మైకులో తెలుగులో చెప్పాలనీ సారు నిర్ణయించారు. ఈ ఊళ్ళో ఇంకే బడీ ఇట్లాంటి పని చేయలేదన్నారు. నేను క్యాసెట్ అట్ట పట్టుకుని చూశాను. వీపున దుప్పట్లలాంటివి కట్టుకుని నలుగురు ఆకాశంలో ఎగురుతున్నారు. ముందుగా ఒకసారి చూస్తాను సార్ అన్నాను. అర్థమవుతాయన్నావు కదమ్మా, మళ్ళీ ముందు చూడటమెందుకు అన్నారు.

ఆ శనివారం మధ్యాహ్నం పెద్ద గది కిటికీలకు దుప్పట్లు కట్టారు. వీడియో షాపు భాయ్ కలర్ టీవీని బల్ల మీద బల్ల వేసి ఎత్తుగా పెట్టాడు. పిల్లలు పట్టల మీద, పెద్దవాళ్ళు కుర్చీల్లో. ముందు వరసలో కుడివైపు చివర బడి భవనం సొంతదారు కూర్చున్నారు. ఊళ్ళో అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. ఎడమవైపు చివర ఆయన తమ్ముడు, చిన్నాయన. మధ్యలో వాళ్ళ అమ్మ. పెద్దాయన కొడుకూ చిన్నాయన కూతురూ నా మూడో తరగతిలోనే చదివేవాళ్ళు. ఒకే ఇంటి పిల్లలు వేరు వేరు బల్లల మీద ఎందుకు కూర్చుంటారో నేనెప్పుడూ అడగలేదు. కొత్తదాన్ని, పైగా ఉదయగిరిదాన్ని, ఆత్మకూరు ఇళ్ళ సంగతులు నాకేం తెలుసు?

సినిమా మొదలైంది. బొమ్మలోని తండ్రి నోరు తెరిచి మాట్లాడాడు. మా నాయన నేర్పిన ఇంగ్లీషు నిలబడి మాట్లాడుతుంది. ఇది పరుగెత్తింది. దాని వెనక నేను పది అడుగులు కూడా పరుగెత్తలేకపోయాను. ఆ తండ్రి పూర్తిచేసేలోపు తల్లి మొదలుపెట్టింది, ఆమె ఆపకముందే పిల్లలు అందుకున్నారు. నాకు అర్థమైన మాట 'నో' ఒక్కటే. మైకు నా చేతిలో ఉంది. గదిలో రెండు వందల మంది నావైపు చూస్తున్నారు. ఇక చేసేదేముంది, బొమ్మను చూసి నాకు తోచింది చెప్పడం మొదలుపెట్టాను.

మొదట బాగానే జరిగింది. తండ్రి ఒంటి చేత్తో లారీ ఎత్తాడు, ఈయనకు బలమెక్కువ అన్నాను. తల్లి చెవి చేటంత అయింది, ఈమెకు ఊరవతల మాటలు కూడా వినిపిస్తాయి అన్నాను. ఇలాంటివాళ్ళు మా వీధిలోనే ఉన్నారని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. కూతురు బూరలాగా ఉబ్బి పైకి లేచింది, కొడుకు చేతులకు వంటింటి గిన్నెలన్నీ వచ్చి అతుక్కున్నాయి. నాకు ధైర్యం వచ్చింది. అంతలో ఎదురింటి మేడ మీద ఊదారంగు కోటు వేసుకున్న మనిషి ఒకడు కనిపించాడు. పొడుగు గడ్డం, చెవుల పక్కన నెరిసిన జుట్టు. ఇంట్లో ఉన్న తండ్రికి కూడా అదే పొడుగు గడ్డం. ఇద్దరికీ పోలికలు కలిశాయి, ఇతను వయసులో పెద్ద, ఎదురిల్లు, చూపులో కోపం. ఎవరైనా ఏమనుకుంటారు? ఈయన ఈ పిల్లల పెదనాయన, పంపకాల్లో తేడా వచ్చి అన్నదమ్ములకు మాటల్లేవు అని చెప్పాను. గదిలో నవ్వులు ఆగిపోయాయి. కథ పట్టు మీదికి వచ్చిందనుకుని గొంతు ఇంకొంచెం పెంచాను.

ఊదారంగు కోటు మనిషి పెద్ద గొట్టం ఉన్న యంత్రమొకటి బయటికి లాగి మీట నొక్కాడు. ఊళ్ళోని చెట్లు, ఇళ్ళు, మనుషులు అన్నీ రంగు పోయి తెలుపూ నలుపూ అయిపోయాయి. భాయ్ గబగబా లేచి టీవీకి రెండు దెబ్బలు వేశాడు, తన కలర్ టీవీ పోయిందనుకుని. ఆ యంత్రం ఊరి రంగులన్నీ పీల్చేస్తోందని ఇప్పుడైతే ఏ పిల్లాడైనా చెబుతాడు. నాకు కనబడింది గొట్టం. గొట్టం అంటే మా మెట్ట ప్రాంతంలో ఒకటే. పెదనాయన కొత్త బోరు వేయించి పెద్ద మోటారు బిగించాడు, నీళ్ళన్నీ ఇటే లాగేస్తున్నాడు, తమ్ముడి బావి ఎండిపోయింది, అందుకే పైరూ ఊరూ ఇలా వెలవెలబోయాయి అని చెప్పాను. చెబుతూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెద్దవాళ్ళెవరూ టీవీ వైపు చూడటం లేదు. కొందరు కుడివైపు చివరకి, కొందరు ఎడమవైపు చివరకి చూస్తున్నారు. అప్పుడు కరస్పాండెంటు సారు వంగి వంగి వచ్చి నా చేతిలో ఒక చీటీ పెట్టారు. టీవీ వెలుగులో చదివాను. 'పెద్దాయన బోరు వేసిన మాట నిజమే. చిన్నాయన బావి ఎండిన మాటా నిజమే. బిల్డింగు వాళ్ళది. దయచేసి మార్చు.' ఏం మార్చాలో, ఎలా మార్చాలో అందులో లేదు.

ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. బడికే చోటు లేకుండా పోతే నన్ను ఉదయగిరి దాకా తరిమికొడతారు. నిజానికి ఈ పెదనాయన చాలా మంచివాడు, ఆ నీళ్ళు ఊరందరికీ పంచాలనే ఆయన ఉద్దేశం, తమ్ముడే పొరబాటుగా అర్థం చేసుకున్నాడు అని మైకులో సర్దాను. చెప్పి నోరు మూసుకునేలోపు బొమ్మలోని తమ్ముడు లారీ ఎత్తి అన్న మీద వేశాడు. ఇప్పుడు తమ్ముడు దుర్మార్గుడయ్యాడు. ఎడమవైపు చివర కుర్చీ కిర్రుమంది. చిన్నాయన భార్య వెనక వరసలో నుంచి, వాళ్ళు తప్పు చేస్తే మా మీద పెడతారేంది అని పక్కావిడతో అనడం నాకు స్పష్టంగా వినబడింది. వెంటనే, తమ్ముడు అన్న మీద వేయలేదనీ, అన్న వెనక పాము ఉంటే దాని మీద వేశాడనీ చెప్పాను. పామేది మిస్ అని మూడో తరగతి పిల్లలు అడిగారు. లారీ కింద ఉంది అన్నాను.

అక్కడి నుంచి నాకు మిగిలిన దారి ఒకటే, ఇద్దరూ మంచివాళ్ళు కావాలి, తప్పు ఇంకెవరిదో కావాలి. కళ్ళద్దాలు పెట్టుకుని చేతిలో ఫైలు పట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మలో అటూ ఇటూ తిరుగుతుంటే, కొలతలు తప్పుగా వేసి ఇద్దరికీ తగాదా పెట్టిన ఆఫీసరమ్మ ఈమే అని ప్రకటించాను. (దేవుడి దయవల్ల ఆ రోజు సర్వే ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు.) పాపం, ఆవిడ నిజానికి పోలీసులకు సాయం చేయడానికి వచ్చినట్టుంది. గంటన్నర సినిమాలో ముగ్గురిని దుర్మార్గుల్ని చేసి, ఇద్దరిని వెనక్కి తీసుకున్నాను. చివరికి యంత్రం తిరగబడి రంగులన్నీ ఊరికి తిరిగి వచ్చాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు, భాయ్ ఊపిరి పీల్చుకున్నాడు. దీపాలు మెరుస్తున్న వ్యానొకటి వచ్చి ఊదారంగు కోటు మనిషిని ఎక్కించుకుంది. పోలీసులు అని చెబితే నా పని అయిపోయినట్టే. పెదనాయనకు లారీ కొంచెం తగిలింది కాబట్టి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారు, తమ్ముడి కుటుంబమంతా చేతులూపి, త్వరగా నయమై రమ్మంటున్నారు అని ముగించాను. దీపాలు వేశారు. పెద్దాయన ఎవరితోనూ మాట్లాడకుండా కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. కాసేపటికి చిన్నాయన కూడా అలాగే వెళ్ళిపోయారు.

ఆదివారం చర్చిలో నేను చేసిన ప్రార్థనలో కొత్త ఉద్యోగం గురించి కూడా ఒక మాట ఉంది. సోమవారం పొద్దున బడికి వెళ్ళేసరికి కరస్పాండెంటు సారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. పెద్దాయన వాళ్ళమ్మ నన్ను ఇంటికి రమ్మని కబురు చేసిందట. తోడు వస్తారా సార్ అంటే, నిన్నొక్కదాన్నే రమ్మన్నారమ్మా అన్నారు, కొంచెం హాయిగానే.

అదొక పెద్ద ఇల్లు. మధ్యలో కొత్త గోడ లేపి రెండు ఇళ్ళు చేశారు. గోడ సరిగ్గా ముందు పంచ దగ్గర ఆగిపోయింది, ఆ పంచలో మంచం మీద అవ్వ కూర్చుని ఉంది. నన్ను ఎదురుగా పీట మీద కూర్చోమంది. మజ్జిగ ఇప్పించింది. నేను తాగేదాకా చూసి అప్పుడు అడిగింది.

"మా ఇంటి సంగతి నీకెవురు చెప్పినారు అమ్మణ్ణీ?"

"ఎవురూ చెప్పలేదవ్వా. నాకు ఆ ఇంగ్లీషు అర్థం కాలేదు. బొమ్మని చూసి నోటికొచ్చింది చెప్పినాను."

ఆ మాట నేను అప్పటిదాకా మా పిన్నమ్మతో కూడా అనలేదు. అవ్వ మంచం మీద ముందుకు జరిగింది.

"ఒక్క ముక్క గూడా అర్థం కాలేదా?"

"లేదవ్వా."

"మరి బళ్ళో పిలకాయలకేం చెప్తుండావు?"

"పుస్తకంలో ఉండేది చెప్తుండాను."

అది ఆమెకు సబబుగానే తోచినట్టుంది, తల ఊపింది. తర్వాత గోడ వైపు ఒకసారి చూసి, అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగింది.

"ఆ అన్నదమ్ములకి అమ్మ లేదా?"

సినిమాలో లేదు. అసలు వాళ్ళు అన్నదమ్ములే కారు. కానీ ఆమె మొహం చూశాక ఆ మాట నా నోటికి రాలేదు. ఉండాదవ్వా, ఊళ్ళో ఉండాది, సినిమాలో చూపించలేదు అన్నాను.

"చూపించుండాల్సింది," అంది అవ్వ. "ఆమె ఎదురుగా ఉంటే ఆ చిన్నోడు అన్న మీదికి లారీ ఎత్తుతాడా?"

ఆమె లేచి లోపలికి వెళ్ళి గుప్పెడు వేరుశనక్కాయలు తెచ్చి నా కొంగులో పోసింది. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉంటుందనీ, నీ ఉద్యోగానికి ఏం కాదనీ, ఇంగ్లీషు మాత్రం కాస్త నేర్చుకోమనీ చెప్పి పంపింది.

ఉద్యోగం పోలేదు. బడీ పోలేదు. గోడ కూడా అలాగే ఉంది. పెద్దాయన మోటారు మాత్రం ఆ నెల నుంచి రోజు మార్చి రోజు ఆగుతోందని పిన్నమ్మ చెప్పింది. అవ్వ చెప్పి ఆపించిందో, పెద్దాయనకే అనిపించిందో నాకు తెలియదు. ఆ రోజుల్లో మా వైపు కరెంటు కోత కూడా ఎక్కువే. మూడో తరగతిలోని ఆ ఇంటి పిల్లలిద్దరూ ఒకే బల్ల మీదికి వచ్చారు కానీ, అది నేను మార్చాను.

అవ్వ మాట మన్నించి ఇంగ్లీషు నేర్చుకున్నాను. రేడియో పెట్టుకుని, టీవీ వార్తల ముందు కూర్చుని, ఏళ్ళ తరబడి నేర్చుకున్నాను. ఇప్పుడు పరుగెత్తే ఇంగ్లీషు కూడా నాకు చక్కగా అందుతుంది. అర్థం కానిచోట అర్థం కాలేదనీ చెబుతాను, తెలియని ఇంటి సంగతుల్లో వేలు పెట్టను, మైకు ఇస్తే వద్దంటాను. అందరూ నన్ను చాలా జాగ్రత్త మనిషి అంటారు. అయినా అప్పుడప్పుడు కళ్ళ ముందు ఆ పిల్ల కనిపిస్తుంది, రెండు వందల మంది ఎదుట ఒక్క ముక్క అర్థం కాకుండా నిలబడి, లారీ కింద పాముందని ధీమాగా చెబుతున్న పిల్ల. దానికి బుద్ధి చెప్పాలని నోరు తెరుస్తాను. ఈలోగా తర్వాత ఏం చెబుతుందో విందామనిపిస్తుంది.